ఎవరికేమైందమ్మా, పరిగెత్తుతున్నావు?

పాలు పొంగుతుంటే పరిగెత్తుతాం. బస్సు కదులుతుంటే పరిగెత్తుతాం. బడిలో పిల్లాడు పడ్డాడని కబురొస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుతాం. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉండగా నాలుగు చినుకులు పడ్డాయంటే మా పల్నాడు పల్లెల్లో ఆడవాళ్ళు పట్టాలు పట్టుకుని పరిగెత్తే పరుగు చూసి తీరాలి! ఈ పరుగుల్ని ఎవరూ వింతగా చూడరు. అన్నిటికీ ఒక కారణం ఉంటుంది. ఆ కారణం ఎప్పుడూ ఇంకొకరి అవసరమే. మరి ఏ అవసరమూ లేకుండా, తనకే పరిగెత్తాలనిపించి, ఒక ఇల్లాలు తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తితే?

నేను మొదలుపెట్టిన మొదటి వారంలోనే ఆ ముచ్చట కూడా తీరింది. సత్తెనపల్లి రోడ్డు మీద, ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. మోటారు సైకిలు మీద వెళ్తున్న ఒక పెద్దాయన నన్ను దాటిపోయి, మళ్ళీ వెనక్కి తిరిగొచ్చి, బండి ఆపాడు. “ఏందమ్మా, ఎవరికేమైంది? ఎక్కు, ఆసుపత్రికేనా?” అన్నాడు. ఆయన మాటలో వెటకారం లేదు, చెడు లేదు. నిజంగా కంగారు పడ్డాడు పాపం. ఆడమనిషి పరిగెత్తుతోందంటే ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని తప్ప ఆయనకి మరో అర్థం తట్టలేదు. ఆయనకే కాదు, మా వీధిలో ఎవరికీ తట్టలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అంతకు ముందు నాకూ తట్టేది కాదు.

నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఇద్దరు పిల్లలు. డిగ్రీ చదివి, ఇల్లు చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకుంటాను. హైదరాబాదులో ఉండే మా ఆడపడుచు ఓసారి ఫోనులో, “వదినా, నీ కథల్లో ఆడవాళ్ళందరినీ గడప దాటిస్తావు గదా, నువ్వెప్పుడు దాటతావు?” అంది. నవ్వులాటకే అంది. ఆ నవ్వులాటలోనే హైదరాబాదు మారథాన్‌లో హాఫ్ మారథాన్‌కి నా పేరు కూడా ఇచ్చేసింది. 2023 ఆగస్టు 27న, ఆదివారం పూట, నేను ఆ పందెంలో పరిగెత్తాను.

హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల 97 మీటర్లు, ఇంకాస్త. మా ఊరి లెక్కలో చెప్పాలంటే, క్రోసూరులో బయల్దేరి సత్తెనపల్లి దాకా వెళ్తే ఇంచుమించు అంత. రెండు గంటల యాభై ఆరు నిమిషాలు పట్టింది నాకు. నా ముందు ఎన్ని వేలమంది వెళ్ళిపోయారో చెప్పలేను. కాబట్టి గొప్పలు చెప్పుకోవడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. ఆ ఎనిమిది నెలల్లో నాకు అర్థమైన విషయం ఒకటుంది. పరిగెత్తడానికి మనకి కాళ్ళలో బలం తక్కువై కాదు. ఎందుకు, ఎక్కడికి అని ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేని ఒక గంట మనకి లేదు. భయం లేకుండా నడవగలిగే ఒక రోడ్డు ముక్క లేదు. అసలు కొరత అక్కడుంది.

“ఆడవాళ్ళ శరీరం దానికి పనికిరాదమ్మా” అని మన పెద్దవాళ్ళు అంటే, పల్లెటూరి వాళ్ళు, తెలియక అంటున్నారులే అనుకుంటాం. చదువుకున్న దేశాలు అన్న మాటా ఇదే! 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకి 800 మీటర్ల పరుగు పెట్టారు. పరుగు అయ్యాక కొందరు ఆయాసపడి కూలబడ్డారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. అంతే, ఆ పరుగునే తీసేశారు. మళ్ళీ 1960 రోమ్ ఒలింపిక్స్ దాకా ఆడవాళ్ళకి 800 మీటర్లు లేదు. ముప్ఫై రెండేళ్ళు! మగవాళ్ళు ఆయాసపడితే పట్టుదల అంటారు, మనం ఆయాసపడితే పనికిరాం అంటారు.

అమెరికాలో బోస్టన్ మారథాన్ పేరున్న పరుగు. 1966లో బాబీ గిబ్ అనే ఆమె దరఖాస్తు పెడితే, ఆడవాళ్ళు అంత దూరం పరిగెత్తలేరని తిప్పి పంపారు. ఆవిడ పరుగు మొదలయ్యే చోట పొదల్లో దాక్కుని, జనంలో కలిసిపోయి, పూర్తి దూరం పరిగెత్తి చూపించింది. మరుసటేడు 1967లో కేథరిన్ స్విట్జర్ తన పేరుకి బదులు పొడి అక్షరాలు రాసి నంబరు సంపాదించింది. 261 ఆ నంబరు. దారి మధ్యలో పందెం నిర్వాహకుడొకాయన వెనకనుంచి వచ్చి ఆ నంబరు లాగేయబోయాడు. ఆ ఫోటోలు ప్రపంచమంతా చూసింది. ఆవిడ ఆగలేదు. 1972లో గానీ బోస్టన్‌లో ఆడవాళ్ళకి అధికారికంగా చోటు దొరకలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ మొదలైంది 1984లో, లాస్ ఏంజిలిస్‌లో. అమెరికా అమ్మాయి జోన్ బెనాయిట్ గెలిచింది. అదే ఒలింపిక్స్‌లో మన పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో పతకం పోగొట్టుకుంది. ఆ రోజు ఊళ్ళో టీవీ ఉన్న ఇళ్ళల్లో కళ్ళనీళ్ళు పెట్టుకున్న వాళ్ళున్నారట. అమ్మ చెప్పేది.

పరిగెత్తితే గర్భసంచి జారిపోతుందని స్విట్జర్‌ని బెదిరించారట. సరిగ్గా అదే మాట మా పక్కింటి పెద్దమ్మ నాకూ చెప్పింది, 2023లో. సముద్రాలకి అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ళలో, అరవై ఏళ్ళ తేడాతో ఒకే మాట. దాని సంగతేమిటో తేల్చుకోవాలని డాక్టరమ్మని అడిగాను. కాన్పు అయిన కొత్తల్లో, లేదా ఇదివరకే ఆ బాధ ఉన్నవాళ్ళు అడిగి చేయాలిగానీ, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పరుగు వల్ల గర్భసంచి జారడం ఉండదని ఆవిడ చెప్పింది. ఆవిడే ఇంకో మాట అంది. “దాని గురించి భయపడకు గానీ, ముందు నీ రక్తం చూపించుకో” అని.

చూపించుకుంటే హిమోగ్లోబిన్ 10.2 ఉంది. పన్నెండు ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. అంటే ఈ పేజీ చదువుతున్న మీలోనూ సగానికి పైగా! మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం, వయసైపోతోంది కాబోలు అని మనకి మనమే సర్దిచెప్పుకోవడం. మూడు నెలలు ఐరన్ మాత్రలు, తోటకూర, మునగాకు, భోజనంలో నిమ్మకాయ పిండుకోవడం, భోజనం వెంటనే టీ మానేయడం. ఇవన్నీ అయ్యాక పరుగు సంగతి అటుంచి, ఇంటి పని చేసుకోవడమే తేలికైంది. పరిగెత్తే ఉద్దేశం లేనివాళ్ళు కూడా ఆ రక్తపరీక్ష చేయించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా చేస్తారు.

ఇక సాధన ఎలా చేశానో కాస్త వివరంగా చెబుతాను. నాలాంటి వాళ్ళు ఎక్కువమంది అడిగింది అదే.

సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టాను. మొదటి రెండు వారాలూ నడకే. అరగంట గట్టిగా నడవడం. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా పది సార్లు. ఒక నిమిషమేగా అనుకుంటారేమో! ఆ మొదటి నిమిషం మా అమ్మాయి తొలి పుట్టినరోజు నుంచి మొన్నటిదాకా జరిగినంత పొడుగ్గా అనిపించింది. వారానికి నాలుగు రోజులే పరుగు, మధ్యలో విశ్రాంతి. రోజూ చేస్తే త్వరగా వస్తుందనుకోవడం పొరపాటు. ఎముకలూ కీళ్ళూ గట్టిపడేది పరిగెత్తేటప్పుడు కాదు, ఆ తర్వాత విశ్రాంతిలో. నడకని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, పరుగుని కొద్దికొద్దిగా పెంచుతూ, ఉగాది నాటికి ఆగకుండా నాలుగు కిలోమీటర్లు, మే నెల మధ్యకి ఏడు.

ఎంత వేగంగా అని అడుగుతారు. పక్కన మనిషి ఉంటే మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత. అంతకు మించి వద్దు. పక్కన నాకు మనిషి లేదు కాబట్టి లోపల్లోపల ఎక్కాలు చదువుకునేదాన్ని. పదిహేడో ఎక్కం దగ్గర ఊపిరి అందకపోతే వేగం తగ్గించేదాన్ని. (ఊపిరి అందకా, ఎక్కం రాకా అని మా అబ్బాయి వేళాకోళం.) ఆదివారం మాత్రం ఎక్కువ దూరం. వారం వారం ఒక కిలోమీటరో, ఒకటిన్నరో పెంచుకుంటూ, నాలుగో వారం కాస్త తగ్గించుకుంటూ, జూన్‌లో పది, జూలైలో పద్నాలుగు, పదహారు. ఆగస్టు మొదటి వారంలో పద్దెనిమిది. ఇరవై ఒకటీ ముందే పరిగెత్తి చూసుకోనక్కర్లేదు. పద్దెనిమిది చేసినవాళ్ళని మిగతా మూడూ పందెం రోజు జనమే లాక్కుపోతారు. చివరి పది రోజులూ బాగా తగ్గించాలి, కాళ్ళు తాజాగా ఉండాలి.

మధ్యలో ఎండాకాలం ఒకటి వచ్చిపడింది. మా పల్నాడు ఎండ సంగతి వేరే చెప్పాలా? వేసవిలో వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినబడని ఏడాది ఉందా? నాలుగుంపావుకి లేచి, నాలుగున్నరకి రోడ్డు మీద ఉండి, ఐదున్నరకల్లా ఇంటికి రావాల్సిందే. బయల్దేరే ముందు ఒక గ్లాసు నీళ్ళు. గంట దాటే రోజున సీసాలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. వట్టి నీళ్ళే అదే పనిగా తాగడం మంచిది కాదు, చెమటతో ఉప్పు పోతుంది, అది తిరిగి రావాలి. తొడలు, చంకలు ఒరుసుకుపోయే చోట కొబ్బరి నూనె. నెలసరి మొదటి రెండు రోజులూ నేను నడిచాను. పరిగెత్తేవాళ్ళూ ఉన్నారు. దానికి నియమం ఏమీ లేదు, మీ ఒంటికి ఎలా ఉంటే అలా.

బట్టల సంగతి. మొదట చుడీదారు, చున్నీ నడుముకి బిగించి కట్టి. తర్వాత మోకాళ్ళ కింద దాకా ఉండే వదులు టీషర్టు లాంటి కుర్తా, ప్యాంటు. చున్నీ మానేసిన రోజు మా వీధిలో అదొక వార్త. ఖర్చు పెట్టవలసినవి రెండే. ఒకటి పరుగు బూట్లు, నాకు మూడు వేల చిల్లర అయ్యాయి. మావారు బడి పిల్లల తెల్ల బూట్లు చాలవా అన్నారు. చాలవు, మోకాళ్ళు చెప్తాయి. రెండోది పరిగెత్తేటప్పుడు ఒంటిని కదలకుండా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా. దగ్గర్లో రెండు మూడు షాపుల్లో అడిగితే, కౌంటరు దగ్గర కుర్రాడు సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయాడు. గుంటూరులో దొరికింది. ఆడవాళ్ళు పరుగెందుకు మానేస్తారో పెద్ద పెద్ద కారణాలు వెతుకుతాంగానీ, ఇలాంటి చిన్న వస్తువు ఊళ్ళో దొరక్కపోవడం కూడా ఒక కారణమే. దాన్ని అడగడానికి సిగ్గుపడటం ఇంకో కారణం.

కుక్కలు ఇంకో గండం. వాటికి పరిగెత్తేవాళ్ళంటే పడదు. నడిస్తే ఊరుకుంటాయి. ఆ ఇంగితం మనుషులకి లేదు. బళ్ళ మీద పోతూ కూతలు కూసేవాళ్ళు, పక్కనే నెమ్మదిగా బండి నడుపుతూ వచ్చేవాళ్ళు ఉన్నారు. నా వయసుకి ఇదయితే మా అమ్మాయి వయసు పిల్లకి ఎలా ఉంటుందో! నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపిన గడ్డ అని సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. ఆ గడ్డ మీద తెల్లవారుజామున ఒక ఆడది ఒక్కతే ఐదు కిలోమీటర్లు పోయి రాలేకపోతే ఆ చెప్పుకోవడం దేనికి?

మా అమ్మాయి మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి చెబుతాను. ఆరో తరగతిలో అది బడి మొత్తానికి పరుగులో ఫస్టు. పెద్దమనిషి అయ్యాక గ్రౌండుకి వెళ్ళడం తగ్గింది. ఎవరూ వద్దని అనలేదు. యూనిఫాం మీద కోటు వచ్చింది, మగపిల్లల చూపులొచ్చాయి, పదో తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడ్ లెక్కల మాస్టారికి పోయింది. ఏ ఒక్కరూ తలుపు వెయ్యకుండానే తలుపు పడిపోయింది. నా విషయంలోనూ ఇంతే జరిగింది. పన్నెండో ఏట ఆగిన కాళ్ళు మళ్ళీ ముప్ఫై ఎనిమిదో ఏట కదిలాయి. మధ్యలో ఇరవై ఆరేళ్ళు! 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక అధ్యయనం బయటపెట్టింది. ప్రపంచమంతటా చూస్తే ఆడపిల్లల్లో నూటికి 85 మందికి ఒంటికి చాలినంత ఆటా పాటా లేదు. మగపిల్లలదీ గొప్పగా ఏం లేదు, 78. కానీ ఆ తేడా ఎక్కడినుంచి వస్తోందో ఆడపిల్ల ఉన్న ఏ తల్లినడిగినా చెప్తుంది.

మా ఊళ్ళో పొద్దున్నే నడిచే ఆడవాళ్ళు లేకపోలేదు. ఏడెనిమిది మంది నాకు ఎదురయ్యేవాళ్ళు. పలకరింపులు పెరిగాక తెలిసిందేమిటంటే, వాళ్ళలో ప్రతి ఒక్కరికీ షుగరో, బీపీయో ఉంది! డాక్టరు నడవమని రాసిచ్చాడు కాబట్టి ఇంట్లో ఒప్పుకున్నారు. జబ్బు వచ్చాక గానీ మనకి ఆ అరగంట చేతికి రాదన్నమాట. అదే మగవాళ్ళకి టీ కొట్టు దగ్గర కూచోడానికి డాక్టరు చీటీ కావాలా? ఒకావిడ నాతో గుసగుసగా, “నిజం చెప్పనా, నా షుగరు తగ్గింది. ఇంట్లో చెప్పలా. చెబితే ఇంక నడక దేనికంటారు” అంది. నవ్వుకున్నాం గానీ, ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

నాకూ హాఫ్ మారథాన్ అలాంటి చీటీయే అయింది. మొదట్లో మా అత్తయ్య, “వాకిట్లో ముగ్గన్నా పెట్టకుండా ఎక్కడికే ఈ చీకట్లో” అనేది. హైదరాబాదులో పందెం, ఫలానా తారీఖు, నాకొక నంబరు ఇస్తారు అని చెప్పాక ఆవిడకి ఒక ఆధారం దొరికింది. ఎవరన్నా అడిగితే నాకంటే ముందు ఆవిడే, “మా కోడలు పందేనికి పోతంది” అని జవాబిచ్చేది. మావారు ఆ ఎనిమిది నెలలూ పొద్దుటి పాలు కాచారు, పిల్లల్ని లేపారు. మొదట్లో రెండుసార్లు పాలు పొంగించారు, తర్వాత నేర్చుకున్నారు.

పందెం రోజు గురించి ఎక్కువ చెప్పను. తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు దగ్గర అంతమంది ఆడవాళ్ళని, అన్ని వయసుల వాళ్ళని, కారణం అడిగేవాళ్ళు లేకుండా ఒక్కచోట చూడటం నాకదే మొదలు. పంజాగుట్ట, జూబ్లీహిల్స్, దుర్గం చెరువు తీగల వంతెన, అక్కణ్ణించి గచ్చిబౌలి స్టేడియం. హైదరాబాదు దారి ఎత్తుపల్లాలదని విన్నాను గానీ, జూబ్లీహిల్స్ ఎక్కేటప్పుడు మా చదునైన నల్లరేగడి మీద చేసిన సాధన అంతా ఎటు పోయిందో తెలియలేదు. ఎక్కుడు దగ్గర నడిచాను. అందరూ నడిచారు. పదహారో కిలోమీటరు దాటాక అరవై దాటిన ఒకావిడ నన్ను దాటిపోతూ, “రా అమ్మా, అయిపోవచ్చింది” అంది. ఆవిడ వీపు చూస్తూ మిగతాది పూర్తి చేశాను. హైదరాబాదులో ఈ మారథాన్ 2011 నుంచి జరుగుతోంది. నగరంలో పరుగు సంఘాలున్నాయి, ఎప్పుడూ పరిగెత్తని వాళ్ళకి ఐదు కిలోమీటర్ల దాకా నేర్పే శిక్షణలున్నాయి. విశాఖలో నేవీ వాళ్ళు పెట్టే మారథాన్ ఉంది. అదంతా నగరాల భాగ్యం.

చీర కట్టుకుని పరిగెత్తిన వాళ్ళ ఫోటోలు పేపర్లలో బాగా వస్తాయి. 2017లో ఇదే హైదరాబాదు మారథాన్‌లో జయంతి సంపత్‌కుమార్ తొమ్మిది గజాల చీరతో పూర్తి 42 కిలోమీటర్లు ఐదు గంటలలోపే పరిగెత్తారు. 2023లో ఇంగ్లండులో మాంచెస్టర్ మారథాన్‌ని మధుస్మితా జెనా దాస్ అనే ఒడియా ఆవిడ సంబల్‌పురి చీరలో పూర్తి చేశారు. మామూలు విషయాలు కావు. అయితే మా వీధిలో ఆ ఫోటో చూపించి, “చూడు, చక్కగా చీరతోనే పరిగెత్తింది, నీకేం వచ్చింది” అన్నవాళ్ళే ఎక్కువ. ఆ ఇద్దరూ తమకిష్టమై చీర ఎంచుకున్నారు. దాన్ని తెచ్చి మనకి కొలబద్ద చేయడం నాకు నచ్చదు.

మహారాష్ట్రలో లతా కరే అని ఉన్నారు. అరవై దాటిన పేదరాలు. బారామతిలో భర్త వైద్యానికి డబ్బుకోసం, కాళ్ళకి చెప్పులు లేకుండా, చీరతో, పెద్దవాళ్ళ పరుగు పందెంలో దిగి గెలిచారు. ఆవిడ కథని మరాఠీలో సినిమా తీస్తే, తన పాత్ర తనే వేశారు. 2019 జాతీయ సినిమా అవార్డుల్లో ఆవిడకి ప్రత్యేక ప్రశంస దక్కింది. ఆ తల్లికి చేతులెత్తి దండం పెడతాను. కానీ గమనించారా, లోకం మెచ్చిన ఆ పరుగుకీ భర్త ప్రాణమే కారణం. మన పురాణాల్లో సావిత్రి యముడి వెంట అంత దూరం నడిచిందీ అందుకే. తన కోసం నడిచిన ఆడదాని కథ ఏది?

పందెం ముగిసి ఇంటికొచ్చిన మూడో రోజు, మెడలో వేసిన పతకం వచ్చినవాళ్ళందరికీ చూపించడం అయ్యాక, నాలుగున్నరకి అలారం మోగితే మా అత్తయ్య లేచి కూచుని, “పందెం అయిపోయిందిగా, ఇంకెందుకే?” అంది. ఎంత మామూలుగా అందో! చీటీ గడువు తీరిపోయింది. మళ్ళీ వచ్చే ఏడు ఇంకో పందెం పేరు చెప్తే ఇంకో ఎనిమిది నెలలు దొరుకుతాయి. లేదా షుగరు తెచ్చుకోవాలి. “పరిగెత్తితే నాకు బాగుంటుంది అత్తయ్యా” అని మాత్రమే చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “జాగ్రత్త, తలుపు దగ్గరకేసి పో” అంది. ఇప్పుడూ వెళ్తున్నాను. పందెం లేదు.

ఇదంతా తిన్నదరక్క చేసే పని అనేవాళ్ళున్నారు. మిరప కోతలకొచ్చిన కూలీ ఆడవాళ్ళు నన్ను చూసి పడీపడీ నవ్వారు. “మాకు గంట ఖాళీ దొరికితే కాళ్ళు చాపుకుని పడుకుంటాం గానీ, పరిగెత్తుతామా అమ్మా?” అంది ఒకామె. ఆమె మాటకి నా దగ్గర జవాబు లేదు, ఉండాలని కూడా అనుకోను. పొద్దంతా నడుం వంచి కాయ కోసే మనిషికి వ్యాయామం గురించి నేనేం చెప్తాను? ఆమెకి కావలసింది విశ్రాంతి, కడుపునిండా తిండి, మంచి కూలి. కానీ ఆమెకి కూడా ఆ ఖాళీ గంట లేదు అన్నదే నా మాట. దాన్ని ఆమె కాళ్ళు చాపుకోవడానికి వాడుకుంటుందా, నేను పరిగెత్తడానికి వాడుకుంటానా అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. ఆమె కూతురు బడిలో మా అమ్మాయి కంటే వేగంగా పరిగెత్తుతుందట. ఆ పిల్ల సంగతి ఆలోచించండి.

కలిసి చేస్తే మాత్రం మార్పు వస్తుంది. 1990ల మొదట్లో తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లెటూరి ఆడవాళ్ళకి సైకిలు నేర్పారు. మొదట ఎన్ని మాటలన్నారో! ఒక్కతే తొక్కితే వింతే, వేలాదిమంది తొక్కేసరికి వింత అనడానికి మనిషి మిగల్లేదు. మనకీ బడికి వెళ్ళే పిల్ల సైకిలెక్కితే ఈరోజు ఎవరూ తిరిగి చూడరు కదా.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి మండల కేంద్రంలోనూ ఏదో ఒక హైస్కూలు మైదానం ఉంటుంది. పొద్దున్నే దానికి తాళం. మగపిల్లలు గోడ దూకి క్రికెట్ ఆడుకుంటారు. నన్ను గోడ దూకమంటారా? ఉదయం ఐదు నుంచి ఏడు దాకా గేటు తీసి ఉంచాలి. రెండు లైట్లు వేయాలి. వారంలో మూడు రోజులైనా సాయంత్రం ఆటల పీరియడ్ ఆడపిల్లలకి ఖాయంగా ఉండాలి, పదో తరగతి వాళ్ళకి కూడా. దీనికి కోట్లు అక్కర్లేదు, వాచ్‌మన్ ఒక గంట ముందు రావాలి, అంతే.

మేం పద్నాలుగు మందిమి సంతకాలు పెట్టి అర్జీ రాశాం. రాసేటప్పుడు ఒకావిడ, “షుగరు ఉన్నవాళ్ళ కోసం అని రాద్దాం, తొందరగా ఒప్పుకుంటారు” అంది. దాని మీద మా ఇంటి వరండాలో గంటసేపు వాదన జరిగింది. ఆవిడ చెప్పిందీ నిజమే, అలా రాస్తే పని త్వరగా అవుతుంది. నేను ఒప్పుకోలేదు. మా ఇద్దరిలో ఎవరిది సరైందో మీరే చెప్పండి. చివరికి “మండలంలోని స్త్రీల కోసం” అని మాత్రం రాసి ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఆరుగురం అచ్చంపేట రోడ్డు మీద వెళ్తున్నాం, ముగ్గురు నడుస్తారు, ముగ్గురం పరిగెత్తుతాం, కుక్కల కోసం ఒకరి చేతిలో కర్ర ఉంటుంది. ఆదివారాలు మా అమ్మాయి కూడా వస్తోంది. దాన్ని అందుకోవడం నా వల్ల కావడం లేదు.